కట్టులోనే మందు: అగనంపూడి నుంచి ఉద్దానం దాకా

క్యాన్సర్ ఆపరేషన్ అయిపోతే గండం గడిచినట్టేనని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. డిశ్చార్జి కాగితం, మందుల సంచి, స్కానింగ్ కవరు పట్టుకుని బస్సెక్కుతారు. అసలు చాకిరీ ఇంటికొచ్చాక మొదలవుతుంది. పుండు కడగాలి, కట్టు మార్చాలి, కుట్ల దగ్గర ఎరుపెక్కిందేమో, చీము పట్టిందేమో చూసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం 200 కిలోమీటర్లకు పైనే. టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్న అగనంపూడి నగరానికి అవతలి కొసన ఉంది. ఇటు నుంచి వెళ్లేవాళ్లు నగరమంతా దాటాలి. పది నిమిషాల్లో అయిపోయే డ్రెస్సింగ్ కోసం ఒక పగలంతా పోతుంది. తోడు వచ్చినవాళ్ల కూలి, ఆటో చార్జీలు, హోటల్ భోజనం అదనం. రోజు విడిచి రోజు రమ్మంటే ఎంతమంది వెళ్లగలరు? రెండోసారికో మూడోసారికో మానేసి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరే కట్టించుకుంటారు.

ఒకసారి వేస్తే నాలుగు రోజులో వారమో కదపక్కర్లేకుండా, లోపల తనే కొద్దికొద్దిగా మందు వదులుతూ ఉండే కట్టు ఇలాంటి చోట ఎంత అక్కరకొస్తుందో చెప్పక్కర్లేదు. వార్తల్లో మాత్రం దీన్ని స్మార్ట్ బ్యాండేజీ అనో, క్యాన్సర్‌ను మళ్లీ రానివ్వని పట్టీ అనో రాస్తుంటారు. ఆ రెండో మాట ఇప్పటికి చాలావరకు ప్రయోగశాల ఎలుకల దగ్గరే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం రోగికి దీనివల్ల దక్కగల మేలు వేరు. ఆదా అయిన రోజులు, తప్పిన ప్రయాణాలు, కిడ్నీ జబ్బు ఎక్కువున్న ఉద్దానం లాంటి చోట దెబ్బతినకుండా మిగిలిన కిడ్నీలు, ఇవీ లెక్కకొచ్చే లాభాలు.

ముందు రోజుల సంగతి. క్యాన్సర్‌కు ఆపరేషన్ ఒక్కటే సరిపోని కేసులు చాలా ఉంటాయి. నోటి క్యాన్సర్ కాస్త ముదిరాక దొరికితే కోత తర్వాత రేడియేషన్ ఇస్తారు. అది ఆపరేషన్ అయిన 6 వారాల లోపు మొదలవ్వాలన్నది డాక్టర్లు పాటించే లెక్క. ఆలస్యమైతే మిగిలిపోయిన కణాలు పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. కానీ పుండు మానకుండా, కుట్లు విడిపోయి చీము కారుతుంటే రేడియేషన్ ఎలా మొదలుపెడతారు? రొమ్ము తీసేశాక ఇచ్చే కీమోకు కూడా ఇదే చిక్కు. అంటే కుట్ల దగ్గర పట్టిన చీము కుట్లతో ఆగదు, మొత్తం చికిత్స క్యాలెండర్‌ను వెనక్కి నెడుతుంది. మామూలు హెర్నియా ఆపరేషన్ పుండు రెండు వారాలు ఆలస్యంగా మానితే మనిషికి చిరాకు. రాచపుండు కోసిన చోట అదే ఆలస్యం ఆయుష్షు మీద పడుతుంది.

ఇక పుండు ఎలా మానుతుందన్న దాని మీద ఇంట్లో పెద్దలకు ఒక స్థిరమైన అభిప్రాయం ఉంటుంది: గాలికి ఒగ్గీ, అదే ఎండిపోద్ది. ఎండి పక్కు కడితే మానినట్టు లెక్క. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద పైపై గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటిని పాలిథీన్ పొరతో కప్పి చూశాడు. కప్పి తడిగా ఉంచిన చోట కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో కమ్ముకుంది. కారణం సులువే. కొత్త చర్మ కణాలు తడి మీద జారుతూ వెళ్తాయి, ఎండిన పక్కు అడ్డొస్తే దాని కిందనుంచి దారి తవ్వుకోవాలి. ఇవాళ్టి మంచి డ్రెస్సింగులన్నీ ఈ పరిశీలన మీదే నిలబడ్డాయి. రసి మరీ ఎక్కువైతే పీల్చుకోవాలి, పుండు మాత్రం ఎండిపోకూడదు. ఆ కట్టులోనే మందు కూడా కలిపితే ఏమవుతుందన్నది తర్వాతి మెట్టు.

మందు మెల్లగా బయటికి రావడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. తాటి బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే కరిగేకొద్దీ తీపి దిగుతుంది. కట్టు పదార్థమే కరిగిపోతూ తనలోని మందును వదలడం అలాంటిది. చర్మంలో ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తితో చేసిన స్పాంజీలు ఈ కోవలోవి. గుడ్డలో కట్టిన వాము మూటను నీళ్లలో వేస్తే గుడ్డ అలాగే ఉంటుంది, సారం మాత్రం దిగుతుంది. చిక్కదనం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి మందు పాకడం రెండో దారి. సబ్జా గింజలు నీళ్లలో ఉబ్బి జిగురు పొర కట్టుకున్నట్టు, పుండు రసి తాకగానే ఉబ్బి, ఆ సందుల్లోంచి మందును వదిలే హైడ్రోజెల్ మూడోది. ఇది కాక, చీము పట్టిన పుండులో క్షారగుణం పెరుగుతుంది కాబట్టి అది పెరిగినప్పుడే మందు వదిలేలా కూడా పదార్థాలు తయారుచేస్తున్నారు. అన్నింటికీ ఒకటే తలనొప్పి: వేసిన మొదటి కొన్ని గంటల్లో మందు సగం ఒక్కసారిగా బయటికొచ్చేసి, మూడో రోజుకు ఖాళీ కట్టు మిగలడం. ఈ తొలి పొంగును అదుపు చేయడం మీదే పరిశోధకుల పని ఎక్కువగా సాగుతోంది.

మందు వదిలే కట్టు ఈ ప్రాంతానికి మరీ కొత్తదేమీ కాదు. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్టను వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు వైద్య ప్రపంచమంతటికీ తెలుసు. 1960ల చివర్లో దేశంలోని ఐదు జిల్లాల్లో ఇంటింటికీ వెళ్లి నోరు పరీక్షించిన పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాను అందుకే ఎంచుకున్నారు. ఇక్కడ 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను చూసి రాసిన నివేదిక 1971లో వచ్చింది. ఆ నిప్పు వేడి తగిలేది అంగిలికే. అక్కడే తెల్ల మచ్చలు, అక్కడే పుండ్లు, కొందరిలో అక్కడే క్యాన్సర్. పై దవడలో భాగం తీసేస్తే నోటికీ ముక్కుకీ మధ్య గుహలాంటి ఖాళీ మిగులుతుంది. దాన్ని దశాబ్దాలుగా బిస్మత్, అయొడోఫామ్, పారాఫిన్ కలిపిన పేస్టు పట్టించిన గాజుగుడ్డతో నింపుతున్నారు. పసుపు రంగులో, ఘాటైన వాసనతో ఉండే ఈ గుడ్డ మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైనికుల గాయాలకు వాడిన మందు. రోజుల తరబడి లోపలే ఉండి కొద్దికొద్దిగా అయొడిన్ వదులుతూ, ఆ ఖాళీ కుళ్లకుండా కాస్తుంది. స్మార్ట్ అనే పేరు లేదంతే. ప్రతి మందుల షాపులో దొరికే సోఫ్రాట్యూల్ కూడా యాంటీబయోటిక్ పట్టించిన జిడ్డు గుడ్డే. ఈ పాత సరుకును తక్కువ చేసి మాట్లాడేవాళ్లు, కొత్త కట్టు అంతకన్నా ఎంత మెరుగో ముందు చూపించాలి.

తర్వాతి తరం సరుకులో వెండి ముఖ్యం. తడి తగిలినప్పుడు వెండి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న వెండి కణాలు, బయటికొచ్చి సూక్ష్మజీవులను చంపుతాయి. నానో వెండి కట్టుల్లో రకాన్ని బట్టి 3 రోజులో 7 రోజులో ఉంచదగినవి ఉన్నాయి. రేడియేషన్ ఇచ్చే ముందు మాత్రం వెండి కట్టు తీసేయమంటారు, లోహం కిరణాలను చెదరగొట్టి ఆ చోటి చర్మాన్ని ఇంకా కమిలించవచ్చు. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ కట్టు రసిని పీల్చి జెల్లుగా మారుతుంది. రొయ్య, పీత పెంకుల్లోని కైటిన్ నుంచి తయారయ్యే కైటోసాన్ నెత్తురు గడ్డకట్టేలా చేస్తుంది, అందుకే యుద్ధరంగంలో వాడే కట్టుల్లోకి చేరింది. దేశంలో రొయ్యల సాగుకు ముందున్న రాష్ట్రం ఇది, రాష్ట్రంలో పొడవైన సముద్ర తీరం ఉన్నది శ్రీకాకుళానికి. కైటోసాన్‌కు ముడిసరుకు మనం కంపు కొడుతుందని పారేసే పెంకే. ఇక విద్యుత్తు సాయంతో లాగే నానో పోగుల కట్టు సంగతి చెప్పాలంటే పొందూరును తలుచుకోవాలి. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, నేత చీరకు సన్నటి నూలు తీసే ఊరది. ఆ నూలుకు వందల రెట్లు సన్నని పోగును ఊహిస్తే నానో పోగు. సన్నబడేకొద్దీ అంతే బరువులో మందు తాకగల ఉపరితలం పెరుగుతుంది. లాభమూ అదే, తొలి పొంగు పెరిగే నష్టమూ అదే.

ఇప్పుడు కిడ్నీల మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం చుట్టూ ఉన్న ఉద్దానంలో, కొబ్బరి జీడి తోటల మధ్య, స్పష్టమైన కారణం తేలని కిడ్నీ జబ్బు ఎన్నేళ్లుగా మనుషులను తింటోందో ఇక్కడ వేరే చెప్పాల్సిన పని లేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. అలాంటి మనిషికి క్యాన్సర్ ఆపరేషన్ జరిగితే డాక్టర్ చేతులు సగం కట్టేసినట్టే. పుండు చీము పడితే వాడదగిన జెంటామైసిన్ జాతి ఇంజెక్షన్లు కిడ్నీని దెబ్బతీస్తాయి. నొప్పికి చప్పున గుర్తొచ్చే డైక్లోఫెనాక్ కూడా కిడ్నీకి చెడ్డదే. ఆ మందు వొళ్లంతా తిరగకుండా పుండు దగ్గరే, అక్కడికి కావలసినంత చిక్కగా ఉంటే రక్తంలోకి చేరేది తక్కువ. రేడియేషన్ తగిలిన చోట రక్తనాళాలు మూసుకుపోయి ఉంటాయి కాబట్టి మాత్రగానో ఇంజెక్షన్‌గానో ఇచ్చిన మందు అక్కడికి సరిగా చేరదు కూడా. కట్టులో మందు అనే ఆలోచనకు ఉద్దానంలో ఉన్నంత బలమైన వాదన మరోచోట కనిపించదు.

నొప్పికి కూడా ఈ దారిలో పని జరిగింది. మత్తు మందు బుపివకైన్ నింపిన కొల్లాజెన్ ముక్కను హెర్నియా ఆపరేషన్ కోతలో పెట్టడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో అనుమతి ఇచ్చింది. క్యాన్సర్ కోతలకు అదే సూత్రం పనికిరాకపోవడానికి కారణం కనిపించదు. అయితే కట్టులోని మందు రక్తంలోకి బొత్తిగా పోదనుకోవడం పొరపాటు. పెద్ద పచ్చి పుండు మీద బెటాడిన్ పోస్తూ ఉంటే అయొడిన్ వొంట్లోకి చేరుతుంది, కిడ్నీ సరిగా లేనివాళ్లలో అది పేరుకుంటుంది. జెంటామైసిన్ స్పాంజీకీ అదే జాగ్రత్త వర్తిస్తుంది. తక్కువ చేరడం వేరు, చేరకపోవడం వేరు.

ఉత్సాహానికి కళ్లెం వేసే లెక్కలు కూడా ఉన్నాయి, వాటిని దాచిపెట్టి రాయడం రోగికి ద్రోహం. జెంటామైసిన్ నింపిన కొల్లాజెన్ స్పాంజీని పెద్దపేగు ఆపరేషన్ కోతలో పెడితే చీము తగ్గుతుందని సర్జన్లు చాలాకాలం నమ్మారు. 602 మంది మీద జరిగిన పరీక్ష ఫలితం 2010లో వచ్చింది. స్పాంజీ పెట్టినవాళ్లలో 30 శాతానికి చీము పట్టింది, పెట్టనివాళ్లలో 20.9 శాతానికే. మేలు చేయకపోగా కీడు చేసింది. మందు పూసిన కుట్ల దారం మీద కూడా ఆశలు పెట్టుకున్నారు. భారత్‌తో సహా ఏడు దేశాల్లో 5,788 మంది పొట్ట ఆపరేషన్ రోగుల మీద పరీక్షించి 2021లో ప్రకటించిన ఫలితంలో మామూలు దారానికీ దానికీ తేడా కనిపించలేదు. శుభ్రంగా కుట్టిన కోత మీద చీము పట్టకుండా ఉండాలంటే మామూలు కట్టే చాలు, ఖరీదైన రకాలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో సూచించింది. కాబట్టి రొమ్ము ఆపరేషన్ అయి, కుట్లు చక్కగా అతుక్కుని, లోపలి రసిని బయటికి తీసే డ్రెయిన్ పైపు సవ్యంగా ఉన్న మనిషి చేత వెండి కట్టు కొనిపించడం డబ్బు దండగ. మందు కట్టుకు చోటున్నది కుట్లు విడిపోయిన పుండు, రేడియేషన్ తిన్న చర్మం, పై దవడలోని ఆ ఖాళీ, మానని పుండు ఉన్నచోట్ల. అందరికీ వేసే కట్టు కాదిది.

క్యాన్సర్ మందునే కట్టులో పెట్టడం మరో సంగతి, ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. క్యాన్సర్ మందులు చాలావరకు వేగంగా విడిపోయే కణాలను చంపుతాయి. పుండు మానాలంటే కణాలు వేగంగా విడిపోవాలి. ఒకే చోట ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని సాగనివ్వాలి. రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ ఇంజెక్షన్‌ను ఆపరేషన్ తర్వాత కనీసం 28 రోజులు ఆగి ఇమ్మనేది ఈ భయంతోనే. దీన్ని దాటి నిజంగా రోగుల దాకా వచ్చిన సరుకు మెదడులో పెట్టేది. కార్ముస్టిన్ మందు నింపిన బిళ్లలు, గడ్డ తీసిన ఖాళీలో 8 దాకా పరుస్తారు. 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. కొత్తగా గడ్డ బయటపడినవాళ్లలో సగం మంది దాటగలిగిన ఆయుష్షు 11.6 నెలల నుంచి 13.9 నెలలకు పెరిగినట్టు ఒక పెద్ద పరీక్షలో తేలింది. దాని దుష్ఫలితాల్లో కోత సరిగా మానకపోవడం కూడా ఒకటి. రెండు నెలల పైచిలుకు లాభాన్ని తక్కువనకూడదు గానీ, పత్రికల్లో కనిపించే అద్భుతం మాత్రం కాదు. గడ్డ తీసిన చోట వ్యాధినిరోధక శక్తిని రెచ్చగొట్టే జెల్ వేస్తే మళ్లీ రావడం తగ్గిందని 2018 ప్రాంతంలో అమెరికా పరిశోధకులు చూపించింది ఎలుకల్లో. ఆలోచన గట్టిదే, మనుషుల దాకా రావాల్సిన దూరం ఉంది.

ఇక్కడే ఒక హెచ్చరిక, షాపు కౌంటర్ దగ్గర వినే సలహా గురించి. షుగర్ రోగుల కాలి పుండ్లకు కణాలను పెంచే జెల్లులు వాడుతున్నారు. హైదరాబాద్‌లో తయారయ్యేదీ ఒకటుంది. పక్కింటాయన కాలు దానితో మానింది కాబట్టి క్యాన్సర్ కోసిన చోట కూడా రాద్దామనిపించడం సహజం. కణాలను పెరగమని చెప్పే మందుకు మంచి కణమేదో చెడ్డ కణమేదో తెలియదు. గడ్డ ఉన్న చోట వాటిని రాయకూడదు. ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకపోవడమే మంచిది.

ఆపరేషన్‌కు లొంగని దశలో, చర్మం పగిలి బయటికొచ్చిన పుండు విషయానికొస్తే లెక్కలు మారిపోతాయి. ఇంట్లోవాళ్లను ఎక్కువ బాధపెట్టేది కంపు. మంచం వసారాలోకి చేరుతుంది, మనవలను దగ్గరికి పోనివ్వరు, చూడొచ్చినవాళ్లు గుమ్మంలోనే నిలబడి పలకరించి వెళ్తారు. ఆ మనిషికి నొప్పి కన్నా ఈ వెలి ఎక్కువ. ఆ కంపు గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు చచ్చిన కండను కుళ్లబెట్టడం వల్ల వచ్చేది. మెట్రోనిడజోల్ జెల్‌ను పుండు మీద రాసి కప్పితే చాలామందికి కొద్దిరోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది. మందు చవక, దేశంలో ఎక్కడైనా దొరుకుతుంది. పుండు మానదు, మంచం మాత్రం మళ్లీ ఇంట్లోకి వస్తుంది. మందును పుండు మీదే పెట్టడమన్న ఆలోచన ఇప్పటికిప్పుడు ఈ జిల్లాల్లో ఎక్కువ మేలు చేయగలిగింది బహుశా ఇక్కడే, దీనికి నానో పోగులూ అక్కర్లేదు.

ఎంత మంచి కట్టు వేసినా పత్యం పేరుతో దాన్ని ఓడించే ఇళ్లున్నాయి. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, వంకాయ దురదని పెట్టరు. కొత్త కండ పుట్టేది మాంసకృత్తుల నుంచే. నెలరోజులు చారన్నం మీద ఉన్న మనిషికి ఏ కట్టు కండ పుట్టిస్తుంది? ఇక పుండు కడిగే తీరు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుస నురగ వస్తుంది, మురికంతా పోయిందని తృప్తి. రోజూ పోస్తే అప్పుడే పుడుతున్న లేత కండ కూడా ఆ నురగతోనే పోతుంది. ఎండి అంటుకుపోయిన దూదిని లాగితే దాంతోపాటు వచ్చే పొర కూడా కొత్త చర్మమే. కాచి చల్లార్చిన నీళ్లో సెలైనో చాలు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆ పథకం వల్లే ఎంతోమంది ఆపరేషన్ బల్ల దాకా చేరగలిగారు. వారాల తరబడి మానని పుండుకు షాపులో కొనే ఖరీదైన కట్టు మాత్రం చాలాసార్లు జేబులోంచే. ఒక్కో కట్టు ధర చూసి అమ్మో అనిపిస్తుంది. రోజూ గాజుగుడ్డ మార్చడానికి అయ్యే బస్సు చార్జీలు, పోయిన కూలి కలిపి చూస్తే వారం ఉండే కట్టు కొన్నిసార్లు చవకగానే తేలుతుంది. ఆసుపత్రి బిల్లులో ఆ బస్సు టికెట్లు కనిపించవు కాబట్టి ఈ లెక్క ఎవరూ వేయరు.

చివరికి మిగిలే ప్రమాదం, ఈ కట్టుకున్న సుగుణంలోంచే పుట్టేది. వారం కదపక్కర్లేని కట్టు వారం పాటు పుండును దాస్తుంది. కింద చీము పట్టినా, కుట్టు విడిపోయినా, ఆ అంచున కొత్త గడ్డ మొలిచినా తెలియదు. జ్వరం, పెరిగే నొప్పి, కట్టు దాటి పాకే ఎరుపు, వాసన మారడం, వీటిలో ఏది కనిపించినా గడువు దాకా ఆగకుండా విప్పాలి. విప్పేదెవరు? శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల, 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులున్నాయి. ఊళ్లలో విలేజ్ క్లినిక్ నర్సులున్నారు. అగనంపూడిలో వేసిన కట్టు పేరు, అందులోని మందు, ఏ రోజున విప్పాలి, ఏం కనిపిస్తే ఫోన్ చేయాలి అన్న నాలుగు ముక్కలు డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసి ఉంటే గజపతినగరంలోనో కంచిలిలోనో ఉన్న నర్సు ఆ పని చేయగలదు, ఫోటో తీసి సర్జన్‌కు వాట్సాప్‌లో పంపగలదు. ఇప్పుడు ఆ కాగితం మీద ఇంగ్లీషులో ఉండేది చాలావరకు ఒకే ఒక్క ముక్క: డ్రెస్సింగ్ రెగ్యులర్‌గా చేయించుకోవాలి.